దమ్ము ఎప్పుడు మొదలైంది?

మృగశిర కార్తె జూన్ 7న గానీ 8న గానీ ప్రవేశిస్తుంది. హైదరాబాద్ పాతబస్తీలో హుస్సేనీ ఆలం పక్కనే ఉన్న దూద్‌బౌలిలో, ఉబ్బసానికి చేప మందు ఇచ్చే బత్తిని వారి పాత ఇల్లు ఆ రోజు కోసం ముందునుంచే సిద్ధమవుతుంది. ఇంట్లో పూజ చేసి మూలికల ముద్ద కలుపుతారు. పంపిణీ మాత్రం చాలా ఏళ్లుగా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలోనే జరుగుతోంది. రెండు మూడు అంగుళాల కొరమీను పిల్ల నోట్లో ముద్ద పెట్టి, బతికున్న చేపను అలాగే రోగి గొంతులోకి వదులుతారు. చేప తినని వాళ్లకు బెల్లంలో ఇస్తారు. తమ పూర్వీకుడు వీరన్న గౌడ్‌కు 1845లో ఒక సాధువు ఈ విద్య చెప్పాడని ఆ కుటుంబం అంటుంది. జనవిజ్ఞాన వేదిక వాళ్లు దీన్ని కోర్టుదాకా తీసుకెళ్లారు. ఇప్పుడు దాన్ని మందు అనరు, ప్రసాదం అంటారు. ఉబ్బసం తగ్గుతుందనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. అయినా వరుస తగ్గలేదు. ఊపిరి ఆడనివాడు రుజువులు అడిగే స్థితిలో ఉండడు కదా.

ఆ వరుసలో ఎనిమిదేళ్ల పిల్లవాడూ ఉంటాడు, నలభై అయిదేళ్ల ఇల్లాలూ ఉంటుంది. ఇద్దరికీ అదే చేప. మన ఆసుపత్రులు దీన్ని చూసి నవ్వే ముందు ఒక్క క్షణం ఆగాలి. అక్కడా ఇద్దరికీ దాదాపు అదే ఇన్‌హేలర్ రాసి పంపుతున్నాం. ఇన్‌హేలర్ పనిచేస్తుంది, చేప పనిచేయదు. తేడా పెద్దదే, కాదనను. కానీ ఆ పిల్లవాడి ఉబ్బసమూ ఆ ఇల్లాలి ఉబ్బసమూ ఒకే రోగమనుకోవడంలో మాత్రం రెండు చోట్లా పోలిక ఉంది. పిల్లవాడికి చాలావరకు అది శ్వాసనాళాలతో ముగిసిపోయే జబ్బు. ఆమెకు అది రక్తనాళాల దాకా వెళ్లే అవకాశం ఉన్న జబ్బు. ఈ అధ్యాయమంతా ఆ రెండో సంగతి గురించే.

ముందు ఉబ్బసం లెక్క చూద్దాం. చిన్నప్పుడు ఇది మగపిల్లల జబ్బు. పదేళ్లలోపు వయసులో ఆడపిల్లలకంటే మగపిల్లలకే ఎక్కువగా వస్తుంది, ఆసుపత్రిలో చేరేదీ వాళ్లే ఎక్కువ. ఆ వయసులో మగపిల్లల ఊపిరితిత్తుల పరిమాణంతో పోల్చితే శ్వాసనాళాలు సన్నగా ఉంటాయన్నది ఒక కారణం. యుక్తవయసు రాగానే లెక్క తిరగబడుతుంది. చాలామంది మగపిల్లలకు ఉబ్బసం సద్దుమణుగుతుంది. ఆడపిల్లల్లో కొత్తగా మొదలవుతుంది. ఇరవై దాటాక స్త్రీలలోనే ఎక్కువ, తీవ్రమైన ఉబ్బసం కూడా వాళ్లలోనే ఎక్కువ. ఉబ్బసమున్న స్త్రీలలో 20 నుంచి 40 శాతం మంది నెలసరికి ముందు రోజుల్లో ఆయాసం పెరుగుతుందని చెబుతారు.

ఇందులో హార్మోన్ల చేయి ఉందని చాలాకాలంగా అనుమానం. 2017లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ చేయి ఎక్కడ పడుతుందో కొంత చూపించారు. శ్వాసనాళాల పొరల్లో రెండో రకం సహజ లింఫాయిడ్ కణాలు అని కొన్ని కాపలా కణాలుంటాయి. దుమ్మో పుప్పొడో తగిలితే అవి మేలుకొని, ఉబ్బస వాపును రగిలించే రసాయనాలు విడుదల చేస్తాయి. పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్ ఈ కణాలను అదుపులో పెడుతుంది. ఉబ్బసమున్న పురుషులకంటే ఉబ్బసమున్న స్త్రీల రక్తంలో ఈ కణాలు ఎక్కువగా కనిపించాయి. అంటే పదమూడు, పద్నాలుగేళ్లకు మగపిల్లవాడికి గొంతు మారుతున్నప్పుడే అతని ఊపిరితిత్తులకు లోపలినుంచి ఒక రక్షణ దొరుకుతోంది. అతని అక్కకు ఆ రక్షణ లేదు.

రక్తపోటు లెక్క కూడా ఇలాగే తిరగబడుతుంది, కాకపోతే చాలా ఆలస్యంగా. యవ్వనంలో, నడివయసు మొదట్లో బీపీ మగవాళ్లకే ఎక్కువ. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 ఏళ్లు పైబడిన పురుషుల్లో 31.4 శాతానికి, స్త్రీలలో 26.1 శాతానికి రక్తపోటు ఎక్కువగా ఉంది, లేదా దానికి మందు వాడుతున్నారు. దేశమంతటి లెక్క 24 శాతం, 21.3 శాతం. రెండిటిలోనూ మనం దేశం కంటే ముందున్నాం, గర్వపడే విషయం కాదు. కానీ సగటు లెక్కలో వయసు మరుగున పడిపోతుంది. స్త్రీలలో నెలసరి ఆగిన తర్వాత బీపీ వేగంగా పెరిగి, అరవైల్లో పురుషులను అందుకుంటుంది, తర్వాత దాటిపోతుంది. 2020లో అమెరికాలో 32,833 మంది బీపీ కొలతలను ఏళ్లతరబడి వరుసపెట్టి చూసినప్పుడు మరో సంగతి బయటపడింది. స్త్రీలు మొదలయ్యేది తక్కువ నుంచే అయినా, ఇరవైలూ ముప్పైలనుంచే వాళ్ల బీపీ మగవాళ్లకంటే నిటారుగా ఎక్కుతోంది. నెలసరి ఆగేదాకా ఏమీ జరగడం లేదనుకోవడం పొరపాటన్నమాట.

ఈ రెండు గీతలనూ ఒకే కాగితం మీద గీస్తే, రెండూ పైకే పోయే వయసు ఒకటి కనబడుతుంది. సుమారు నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య ఉన్న స్త్రీ ఆ వయసులో ఉంటుంది. అదే వయసు పురుషుడికి ఉబ్బసం చిన్నప్పటి జ్ఞాపకం కావచ్చు, బీపీ ఒక్కటే ఇప్పటి సంగతి. ఆమెకు రెండూ కలిసి వస్తాయి. కాకతాళీయంగా కలిసి వచ్చాయా, ఒకటి ఇంకోదాన్ని లాక్కొచ్చిందా అన్నది ప్రశ్న.

2004లో ఉత్తర కాలిఫోర్నియాలోని కైజర్ ఆరోగ్య సంస్థ సభ్యుల మీద ఒక పెద్ద పరిశీలన వెలువడింది. లక్షన్నర మంది స్త్రీ పురుషులను పాతికేళ్లకు పైగా గమనించారు. ఉబ్బసమున్న స్త్రీలకు గుండె రక్తనాళాల జబ్బు వచ్చే అవకాశం సుమారు 22 శాతం ఎక్కువని తేలింది. పురుషుల్లో ఆ తేడా కనబడలేదు. 2008లో అమెరికాలోనే నాలుగు ప్రాంతాల జనం మీద నడుస్తున్న ఏరిక్ అధ్యయనం ఇంకో మెట్టు పైకి వెళ్లింది. చిన్నప్పుడు మొదలైన ఉబ్బసాన్నీ పెద్దయ్యాక మొదలైన ఉబ్బసాన్నీ విడదీసి చూశారు. పెద్దయ్యాక ఉబ్బసం వచ్చిన స్త్రీలలో గుండెజబ్బు రెండింతలు, పక్షవాతం రెండింతలకు పైగా ఎక్కువైంది. పురుషుల్లో అలాంటిది లేదు.

నాకు ఈ రెండో ఫలితం అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. ఉబ్బసం ఉందా లేదా అన్నదానికంటే ఎప్పుడు మొదలైందన్న ప్రశ్న ఎక్కువ చెబుతోంది. చార్మినార్ చుట్టుపక్కల ఏ క్లినిక్‌లో కూర్చున్నా ఈ జవాబు దానంతటదే వినబడుతుంది. "దమ్ము ఎన్నేళ్ల సంది వస్తుందమ్మా?" అంటే, "చిన్నోడు పుట్టినంక మొదలైంది సారూ" అనో, "ఆపరేషన్ అయిన సాలు నుంచి" అనో అంటారు. తేదీలు గుర్తుండవు గానీ కాన్పు, ఆపరేషన్, బిడ్డ పెళ్లి గుర్తుంటాయి. వైద్యుడికి కావలసిన సమాచారం అందులోనే ఉంది. ఆ మాట మందుల చీటీలోకి మాత్రం ఎక్కదు. చీటీ మీద ఉండేది మందు పేరూ పూటలూ అంతే.

పైన చెప్పినవి గుండెజబ్బు, పక్షవాతం లెక్కలు. రక్తపోటు సంగతి కొంచెం చిక్కు. ఉబ్బసమున్నవాళ్లలో బీపీ ఎక్కువగా కనిపిస్తుందని చాలా దేశాల సర్వేలు చెప్పాయి. ఆ బంధం ఎంత గట్టిదో, స్త్రీలలో ఎక్కువో పురుషుల్లో ఎక్కువో చెప్పడం మాత్రం వయసు, బరువు, పొగతాగే అలవాటు ఎలా లెక్కలోకి తీసుకున్నారన్నదాన్ని బట్టి మారుతోంది. ఒక సర్వేను పట్టుకుని "ఉబ్బసం వల్ల ఆడవాళ్లకు బీపీ వస్తుంది" అని శీర్షిక పెట్టేవాళ్లను నమ్మనవసరం లేదు. కలిసి ఉండడం వేరు, కారణం కావడం వేరు. ఆడవాళ్లు డాక్టరు దగ్గరికి ఎక్కువసార్లు వెళితే బీపీ ఎక్కువసార్లు కొలుస్తారు, ఎక్కువగా దొరుకుతుంది. అలాంటి మాయలూ ఉంటాయి.

అయితే ఈ బంధం కేవలం లెక్కల్లోని మాయ కాదనడానికి శరీరంలో కొన్ని ఆధారాలున్నాయి. గుండె కుడివైపు నుంచి బయలుదేరిన రక్తమంతా ఊపిరితిత్తుల గుండా పోవాల్సిందే. రక్తనాళాలను బిగించే ఆంజియోటెన్సిన్-2 అనే పదార్థం చాలావరకు తయారయ్యేది అక్కడే, ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాల గోడలమీద. 1967లో లండన్‌లో జాన్ వేన్ బృందం దీన్ని కనిపెట్టింది. ఈ పని చేసే ఎంజైమును ఏస్ అంటారు. బీపీకి వాడే ఎనాలాప్రిల్, రామిప్రిల్ ఆపేది దీన్నే. కాబట్టి రక్తపోటును కిడ్నీల వ్యవహారమనీ, ఉబ్బసాన్ని ఊపిరితిత్తుల వ్యవహారమనీ పంచుకోవడం మన సౌకర్యం కోసమే. దానికి తోడు ఉబ్బసంలో వాపు శ్వాసనాళాల్లోనే ఆగదు. వాపు రసాయనాలు రక్తంలోకి చేరి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. శ్వాసనాళాన్ని బిగించే నునుపు కండరం, ధమనిని బిగించే నునుపు కండరం కాల్షియం సంకేతాలతోనే ముడుచుకుంటాయి. రాత్రంతా దగ్గుతో నిద్రలేకపోవడం కూడా బీపీని పెంచేదే.

ఇక బరువు. అయిదో సర్వేలో హైదరాబాద్ జిల్లాలో 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు సగం మందికి ఉండాల్సినదానికంటే బరువు ఎక్కువ. తెలంగాణ మొత్తం మీద అది 30 శాతం. ఊబకాయానికీ ఉబ్బసానికీ ఉన్న లంకె పురుషులకంటే స్త్రీలలో గట్టిగా కనిపిస్తుంది. 2008లో ఇంగ్లండులోని లెస్టర్‌లో ప్రణబ్ హల్దార్, ఆయన తోటి పరిశోధకులు ఉబ్బస రోగులను లక్షణాల ప్రకారం గుంపులుగా విడదీశారు. అందులో ఒక గుంపు ప్రత్యేకంగా తేలింది. ఎక్కువగా స్త్రీలు, స్థూలకాయం, పెద్దయ్యాక మొదలైన జబ్బు, అలర్జీ ఉబ్బసంలో కనబడే ఇయోసినోఫిల్ కణాల వాపు తక్కువ, ఆయాసం మాత్రం ఎక్కువ. ఇలాంటి ఉబ్బసానికి స్టెరాయిడ్లు అంతగా లొంగవు. లొంగకపోతే మోతాదు పెంచుతారు. నోటి స్టెరాయిడ్ మోతాదు పెరిగితే బరువు, బీపీ, షుగరు మూడూ పెరుగుతాయి. ఏది ముందు ఏది వెనక అన్నది ఇక్కడ చెప్పడం కష్టం. గుండ్రంగా తిరుగుతుంది.

ఇప్పుడు గాలి గురించి. హైదరాబాద్ శివార్లలో దీని మీద మంచి పరిశోధనే జరిగింది. జాతీయ పోషకాహార సంస్థ ఏళ్లుగా గమనిస్తున్న 28 గ్రామాల జనంలో 5,531 మంది పెద్దవాళ్ల బీపీని, వాళ్ల ఇంటి దగ్గరి గాలిలోని సన్నని ధూళితో పోల్చి చూశారు. బార్సిలోనా పరిశోధకులు కూడా ఉన్న ఛాయ్ అనే ప్రాజెక్టు అది. 2019లో ఫలితాలు వచ్చాయి. ఘనపు మీటరుకు ధూళి ఒక్క మైక్రోగ్రాము పెరిగితే స్త్రీలలో పై బీపీ సగటున 1.4 పాయింట్లు ఎక్కువగా కనిపించింది. పురుషుల్లో 0.5 పాయింట్ల దగ్గరే, అదీ నమ్మకంగా చెప్పలేనంత బలహీనంగా.

స్త్రీల రక్తనాళాలు పొగకు ఎక్కువ లొంగుతాయా? కావచ్చు. ఇంకో వివరణా ఉంది. లెక్కగట్టింది ఇంటి దగ్గరి ధూళిని. పగలంతా ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు నిజంగా పీల్చేది ఆ గాలే. మగవాళ్లు పనికోసం వేరే చోటికి పోతారు, అక్కడి గాలి లెక్కలో లేదు. కొలత ఆడవాళ్లకు సరిపోయినట్టు మగవాళ్లకు సరిపోలేదు. శరీరంలో ఉన్న తేడా ఎంత, బతుకులో ఉన్న తేడా ఎంత అన్న ప్రశ్న స్త్రీ పురుష భేదాల మీద వచ్చే ప్రతి పరిశోధనకూ వేయాల్సిందే.

హుస్సేనీ ఆలం, మూసాబౌలి, లాడ్‌బజార్ గల్లీల్లో బతుకు తేడా స్పష్టంగా కనబడుతుంది. లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్కను బొగ్గుల సెగమీద కరిగించి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడిమీదే రాళ్లు అద్దుతారు. చాలామందికి పనిచేసే గదీ పడుకునే గదీ ఒకటే. ఇంట్లో కూర్చుని అగరుబత్తీలు చుట్టే ఆడవాళ్లున్నారు. సాయంత్రం లోబాన్ వేస్తారు, మన ఇళ్లలో సాంబ్రాణి వేసినట్టే. మొహర్రం రోజుల్లో ఆషూర్‌ఖానాల్లోనూ ధూపం దట్టంగా ఉంటుంది. దానికి చెడ్డపేరు అంటగట్టాలని కాదు. ఉబ్బసమున్న మనిషి ఉన్న గదిలో తలుపులు మూసి లోబాన్ వేస్తే ఆయాసం వస్తుందన్నది మాత్రం నిజం. 169,575 మందిని పరిశీలించి 2012లో వెలువడిన ఇన్‌సెర్చ్ అనే సర్వేలో సికింద్రాబాద్ కూడా ఒక కేంద్రం. పొగచూరే వంటచెరకు, ఇంట్లో ఇతరులు తాగే సిగరెట్ పొగ ఉబ్బసంతో ముడిపడి ఉన్నాయని అందులో తేలింది. ఇంట్లో ఇతరులు అంటే ఎవరో చెప్పక్కర్లేదు. బీడీ ఆయనది, దగ్గు ఆమెది.

పాతబస్తీ మిద్దెలమీద కబూతర్‌ఖానాలు చూసిన వైద్యులు ఇంటి దగ్గర పావురాలున్నాయా అని కూడా అడుగుతారు. పావురాల రెట్టల దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఆయాసంతోనే మొదలై ఉబ్బసంలా కనిపిస్తుంది గానీ ఉబ్బసం కాదు. ఇన్‌హేలర్లతో తగ్గదు. ఇది మన విషయానికి కాస్త పక్కదారే, కానీ దమ్ము వస్తే అంతా ఉబ్బసమే అనుకోవడం ఎంత సులభమో ఇది గుర్తుచేస్తుంది.

ఇక గర్భసంచి ఆపరేషన్. తెలుగు రాష్ట్రాల కథలో దీన్ని దాటి పోలేం. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్ట అయితే గర్భసంచి, నడుంనొప్పి అయితే గర్భసంచి. ఎందుకు ఇంత విచ్చలవిడిగా తీస్తున్నారన్న చర్చ వేరే పుస్తకానికి చాలినంత ఉంది. మనకు కావలసింది తర్వాత జరిగేది. అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజే నెలసరి ఆగిన వయసు వచ్చేసినట్టు. అండాశయాలు ఉంచినా పూర్తిగా సురక్షితం కాదు. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు 2018లో అండాశయాలు ఉంచి గర్భసంచి మాత్రం తీసిన 2,094 మంది స్త్రీలను అదే వయసు ఇతర స్త్రీలతో పోల్చారు. అధిక రక్తపోటు 13 శాతం, ఊబకాయం 18 శాతం, గుండె రక్తనాళాల జబ్బు 33 శాతం ఎక్కువగా వచ్చాయి. కాబట్టి "ఆపరేషన్ అయిన సాలు నుంచి" అన్న మాట వినబడగానే చేతికి బీపీ పట్టీ చుట్టాలి. అందుకు పైసా ఖర్చు లేదు.

మందుల దగ్గరికి వద్దాం. ఇక్కడ రెండు జబ్బులూ ఒకదాని కాలు ఒకటి తొక్కుతాయి. ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు శ్వాసనాళాలను బిగిస్తాయని 1964 నుంచీ తెలుసు. ఉబ్బసమున్నవాళ్లకు ఇవ్వకూడదు. ఈ మందును బీపీకే కాదు, తలనొప్పికీ గుండెదడకూ కూడా రాస్తారు. తలనొప్పికి రాసిన డాక్టరుకు ఉబ్బసం గురించి ఎవరూ చెప్పి ఉండరు. ఎనాలాప్రిల్, రామిప్రిల్‌తో పొడిదగ్గు వస్తుంది. ఏస్ ఎంజైము బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని కూడా విరిచేస్తుంది, దాన్ని ఆపేస్తే బ్రాడీకైనిన్ పేరుకుని గొంతును గెలుకుతుంది. ఈ దగ్గు పురుషులకంటే స్త్రీలకు దాదాపు రెట్టింపు వస్తుంది. ఉబ్బసమున్న స్త్రీకి ఈ దగ్గు వస్తే ఉబ్బసం ముదిరిందనుకుని ఇన్‌హేలర్ పెంచుతారు. టెల్మిసార్టాన్‌కో లోసార్టాన్‌కో మారిస్తే కొన్ని వారాల్లో దగ్గు పోతుంది. ఆమ్లోడిపిన్ శ్వాసనాళాలకు హాని చేయదు, కాకపోతే కాళ్లవాపు ఆడవాళ్లకే ఎక్కువ.

అటునుంచి చూస్తే ఉబ్బసం మందులూ బీపీని కదిలిస్తాయి. సాల్బుటమాల్ పీల్చితే గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. పీల్చే స్టెరాయిడ్ మామూలు మోతాదులో బీపీని పెద్దగా కదిలించదు. గొడవంతా మాత్రలతోనే. పాతబస్తీలో, నిజానికి తెలుగునాట అంతటా, ఇన్‌హేలర్ అంటే చివరి మెట్టు అనీ, అలవాటు పడిపోతుందనీ భయం. పెళ్లి కావలసిన ఆడపిల్లకయితే ఆ డబ్బా ఎవరి కంటా పడకూడదు. అందుకే మాత్రలు. డెరిఫిల్లిన్ మాత్ర, సాల్బుటమాల్ మాత్ర, దమ్ము ఎక్కువైనప్పుడు నాలుగు రోజులు ప్రెడ్నిసొలోన్. ఏడాదిలో ఆ నాలుగు రోజులు ఎన్నిసార్లు వచ్చాయో ఎవరూ లెక్కపెట్టరు. మోకాళ్లనొప్పికి మెడికల్ షాపులో కొనే డైక్లోఫెనాక్ రెండు వైపులా దెబ్బ. బీపీని పెంచుతుంది, కొందరు ఉబ్బస రోగులకు ఆయాసం కూడా తెప్పిస్తుంది. పెద్దల ఉబ్బసంలో సుమారు 7 శాతం మందికి ఇలాంటి మందులు పడవు. వాళ్లలోనూ స్త్రీలే ఎక్కువ.

రంజాన్ నెలలో ఈ చిక్కు ఇంకోలా వస్తుంది. ఇన్‌హేలర్ పీల్చితే రోజా భంగమవుతుందా లేదా అన్న విషయంలో మతపండితుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. చాలామంది అడగకుండానే మానేస్తారు. రోజుకు రెండుసార్లు వాడే నివారక ఇన్‌హేలర్‌ను సహరీకి ముందొకసారి, ఇఫ్తార్ తర్వాత ఒకసారి పెట్టుకోవచ్చు. బీపీ మాత్రను కూడా అలాగే జరపవచ్చు. నెల రోజుల ముందు డాక్టరు దగ్గర కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పని. దమ్ము పట్టేసినప్పుడు మాత్రం రోజా విరమించి మందు తీసుకోవడమే. జబ్బుపడ్డవాళ్లకు ఆ సడలింపు మతంలోనే ఉంది.

ఇప్పటిదాకా ఉబ్బసం నుంచి బీపీ వైపు చూశాం. తిరుగుదారి కూడా ఉంది, దాన్ని పట్టుకోవడం ఇంకా కష్టం. ఏళ్లతరబడి అధిక రక్తపోటును నెట్టుకొచ్చిన గుండె గోడ దళసరై బిరుసెక్కుతుంది. సంకోచం బాగానే ఉంటుంది, వ్యాకోచం సరిగా జరగదు. రక్తం వెనక్కి ఒత్తి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. పడుకుంటే ఆయాసం, అర్ధరాత్రి లేచి కూర్చోవడం, పిల్లికూతలు. వైద్యులు గుండె ఉబ్బసమనేది దీన్నే. ఈ రకం గుండె వైఫల్యం వృద్ధ స్త్రీలలో ఎక్కువ. రెండు దిండ్లు పెట్టుకుని పడుకునే అరవై అయిదేళ్ల నానమ్మకు, పాదాలు సాయంత్రానికి ఉబ్బుతుంటే, ఆమెకున్నది ఉబ్బసం కాకపోవచ్చు. ఎకో పరీక్షతో, ఊపిరి ఊదే స్పైరోమెట్రీతో తేల్చుకోవచ్చు. తేల్చకుండా స్టెరాయిడ్ మాత్రలిస్తే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచి గుండె మీద భారం ఇంకా పెరుగుతుంది.

ఇంతకీ హుస్సేనీ ఆలం స్త్రీ ఈ రెండు జబ్బులతో ఎక్కడికెళుతుంది? బీపీకి బస్తీ దవాఖానా. ఊపిరి మరీ కష్టమైతే ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, ఊరి ఆ చివర. యూనానీ మీద నమ్మకముంటే చార్మినార్ పక్కనే నిజామియా టిబ్బీ దవాఖానా. కాన్పుకు పేట్లబుర్జు. ఒక్కో చోట ఒక్కో చీటీ. వీటిలో కాన్పు ఆసుపత్రి చీటీలోనే ఈ రెండు జబ్బుల మాట ఒకే కాగితం మీదకు రావాల్సిన అవసరం అన్నిటికంటే ముందు, అన్నిటికంటే అత్యవసరంగా పడుతుంది. మగవాడి జీవితంలో లేనిది కూడా ఆ కాన్పే.

గర్భంతో ఉన్నప్పుడు ఉబ్బసం మూడింట ఒక వంతు మందికి ముదురుతుంది, ఒక వంతు మందికి తగ్గుతుంది, మిగిలినవాళ్లకు మారదు. తల్లికి ఉబ్బసముంటే బీపీ, మూత్రంలో ప్రోటీను పెరిగే ప్రీఎక్లాంప్సియా వచ్చే అవకాశం ఒకటిన్నర రెట్లు. 2011లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలిన లెక్క ఇది. ఆ ప్రీఎక్లాంప్సియా వచ్చిపోయిన స్త్రీకి తర్వాతి కాలంలో శాశ్వతంగా బీపీ వచ్చే అవకాశం మూడున్నర రెట్లకు పైనే. కాన్పు అయి, బిడ్డకు టీకాలు మొదలయ్యాక తల్లి బీపీ చూడడం ఎక్కువ ఇళ్లల్లో ఆగిపోతుంది. గర్భిణికి బీపీ వస్తే వెంటనే రాసే లాబెటలాల్ కూడా బీటా బ్లాకరే. ఉబ్బసముంటే నిఫెడిపిన్‌కో మిథైల్‌డోపాకో పోవాలి. గర్భంలో ఇన్‌హేలర్ మానేయమని ఇరుగుపొరుగు చెప్పే సలహా మాత్రం అన్నిటికంటే ప్రమాదం. బిడ్డకు కావలసింది తల్లి రక్తంలోని ప్రాణవాయువు.

కాన్పు అయ్యాక రక్తస్రావం ఆగకపోతే ముందు ఆక్సిటోసిన్ ఇస్తారు. అది చాలకపోతే లేబర్ రూమ్‌లో రెండు ఇంజెక్షన్లు చేతికందేలా ఉంటాయి. ఒకటి మెథర్జిన్. అది రక్తనాళాలను బిగించి బీపీని ఒక్కసారిగా పెంచుతుంది, బీపీ ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. రెండోది కార్బోప్రోస్ట్, ప్రోస్టోడిన్ పేరుతో దొరుకుతుంది. అది శ్వాసనాళాలను బిగిస్తుంది, ఉబ్బసమున్నవాళ్లకు ఇవ్వకూడదు. రెండు జబ్బులూ ఉన్న స్త్రీకి రెండు దారులూ మూసుకుపోతాయి. మిసోప్రోస్టాల్, ట్రనెక్సామిక్ ఆమ్లం, గర్భసంచి లోపల ఉబ్బించే బెలూన్ మిగులుతాయి. ఈ సంగతి ముందే తెలిస్తే వాటిని సిద్ధంగా పెట్టుకుంటారు, రక్తం తెప్పించి ఉంచుతారు. కేస్ షీటులో బీపీ ఒక్కటే రాసి ఉండి, ఆరు నెలలుగా వాడుతున్న ఇన్‌హేలర్ మాట అత్తగారి ముందు చెప్పలేక ఆమె దాచి ఉంటే, మెథర్జిన్‌కు బదులు కార్బోప్రోస్ట్ చేతికొస్తుంది. ఇవేవీ పనిచేయకపోతే డాక్టరు ప్రాణం కాపాడడానికి గర్భసంచి తీసేస్తారు. అప్పుడు ఆమె వయసు ఇరవై అయిదో ఇరవై ఏడో అయివుంటుంది. మేయో క్లినిక్ వాళ్ల అధ్యయనంలో ఎక్కువ ముప్పు తేలింది ముప్పై అయిదేళ్లలోపే గర్భసంచి పోయినవాళ్లకే.